వీలునామాలో లేని అవ్వ

ఇంగ్లండు నుంచి వచ్చే ఉత్తరాలన్నీ ఇంగ్లీషు లెక్చరరుకే చెందుతాయని ఎవరు రూలు పెట్టారో నాకు తెలియదు. కామారెడ్డిలో మా కాలేజీ ప్రిన్సిపాలుకు మాత్రం బాగా తెలుసు. రెండువేల పదిలో ఒక మధ్యాహ్నం, పరీక్ష పేపర్లు దిద్దలేక తల పట్టుకుని కూర్చున్న నా ముందు ఒక మందపాటి కవరు పడేసి, "మేడమ్, ఇది మీ సబ్జెక్టే" అని వెళ్లిపోయాడు. విప్పి చూస్తే అందులో నా సబ్జెక్టు ఏమీ లేదు. ఇంగ్లండులో ఒక పెద్దమనిషి రిటైరై, పొద్దుపోక తమ వంశ చరిత్ర రాసుకుంటున్నాడట. ఆయన నాయనమ్మ తమ్ముడొకడు నిజాం కొలువులో ఇంజనీరట. పోచారం చెరువుకు కట్ట కట్టేటప్పుడు వచ్చి, పని ముగిసినా స్వదేశం పోకుండా నాగిరెడ్డిపేట పక్కన బంగళా కట్టుకుని, పెళ్లి లేకుండా, పిల్లలు లేకుండా అక్కడే పోయాడట. బంగళా ఫోటోలు కావాలి. సమాధి ఫోటో కావాలి. ఆయనకు గుర్రాలంటే ప్రాణమట, గుర్రపుశాల ఇంకా ఉందా? ఉంటే దాని ఫోటో కూడా కావాలి.

ఆ కవరును అప్పుడే చింపి అవతల పారేయాల్సింది. పారేయలేదు. 'పిల్లలు లేకుండా' అన్నచోట నా కళ్లు ఆగిపోయాయి. ఎందుకంటే ఆ పిల్లలు లేని దొర కూతురు నాకు అత్తగారు. ఎల్లారెడ్డిలో మా ఇంటి అరుగు మీద నిక్షేపంగా బీడీలు చుట్టుకుంటూ కూర్చుని ఉంది.

ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో, మా అత్తగారి పిల్లికళ్లు, ఎండకు ఎర్రబారే తెల్లటి చేతులు చూసి మా ఆయన్ని అడిగితే, "ఉత్తదే, ఎవలో ఏదో అంటరు" అని తప్పించుకున్నాడు. ఇంటి సంగతి బయటివాళ్ల నోట తెలుసుకోవాల్సిరావడం కంటే చిరాకు ఇంకొకటి ఉండదు. ఇరవై ఏళ్లలో ముక్కముక్కలుగా నాకు తెలిసింది ఇంతే. ఆమె తల్లి కట్ట మరమ్మతుల కూలికి వచ్చింది. తర్వాత దొర బంగళాలో ఉంది. ఒక ఆడపిల్లను కన్నది. ఆ పిల్లకు మూడేళ్లున్నప్పుడు తల్లి పోయింది. దొర కూడా ఆ దరిదాపుల్లోనే పోయాడు. మాచారెడ్డి నుంచి మేనమామ వచ్చి పిల్లను ఎడ్లబండి ఎక్కించుకుని తీసుకుపోయి, పెంచి, పెళ్లి చేశాడు. ఆ మేనమామ చచ్చేదాకా ఈ విషయం మీద నోరు విప్పలేదు. మా అత్తగారికి బంగళా గురించి గుర్తున్నది ఒక్కటే, ఆ బండి ఎక్కడం.

ఇక్కడ పెత్రమాస గురించి చెప్పకపోతే మిగిలింది అర్థం కాదు. బతుకమ్మ పండుగ మొదలయ్యే రోజే ఆ అమావాస్య. ఆ రోజు మా వైపు ప్రతి ఇంట్లో పోయినవాళ్ల పేరు మీద పంతులుకు బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చి నీళ్లు వదులుతారు. మగవాళ్లది ఒక వరుస. ఆడవాళ్లలో భర్త ఉండగానే పోయిన ముత్తైదువలది ఒక వరుస, వాళ్లకు చాటలో పసుపు, కుంకుమ, ఆకుపచ్చ గాజులు, రవికె గుడ్డ కూడా పెట్టాలి. భర్త పోయాక పోయినవాళ్లది ఇంకో వరుస, వాళ్లకు అవేవీ పెట్టకూడదు. మా అత్తగారు కాపురానికి వచ్చిన మొదటి ఏడు, మగపిల్లలు లేని తన తల్లికి కూడా ఇంత బియ్యం ఇప్పించమని అడిగిందట. "ఆమెకు మొగడు ఉన్నట్టా లేనట్టా? ఉంటే ఎవలు ముందుగాల పోయిన్రు? అది తేల్చి చెప్పు, అప్పుడు పెడ్దం" అన్నారట ఇంటి పెద్దలు. ఆ పెద్దలంతా ఎప్పుడో పోయారు. ఏటేటా వాళ్ల వాళ్ల వరుసల్లో వాళ్లకు లోటు లేకుండా పెడుతున్నాం. అడిగిన మనిషి తల్లికి, ఆమె మాటల్లో అవ్వకు, మాత్రం ఒక నీటిచుక్క లేదు.

వారమంతా ఉద్యోగానికి కామారెడ్డిలో ఉండి శనివారాలు ఇంటికి పోయేదాన్ని. కవరు వచ్చిన శనివారం కూడా ఎల్లారెడ్డి పోయి, అత్తగారి పక్కన కూర్చుని సంగతి చెప్పాను.

"అత్తమ్మా, ఇంగ్లండుల దొర చుట్టాలు ఉన్నరట. ఆయన రాసిన వీలునామా గూడ వాళ్ల దగ్గర ఉన్నదట."

ఆమె తునికాకు కత్తిరించడం ఆపలేదు. "వీలునామాల ఇంట్ల ఉన్నోళ్ల పేర్లన్ని రాస్తరా?"

"రాస్తరు."

"అయితే తెప్పియ్యి బిడ్డా. నాకు రెండే మాటలు గావాలె. మా అవ్వను భార్య అని రాసిండా లేదా. అవ్వ ముందు పోయిందా, ఆయన ముందు పోయిండా. గంతే. గుంట జాగ గూడ వద్దు నాకు."

నాకు తెలివి ఎక్కువ కదా, వెంటనే ఒక ఉపాయం చెప్పాను. "ఇంతోటి దానికి కాగితాలు ఎందుకు? రెండు వరుసలల్ల గూడ పెట్టుండ్రి. ఏదో ఒకటి ముడుతది."

ఆమె కత్తెర కింద పెట్టింది. "రెండు పెట్టి ఏదన్న ఒకటి తీస్కో అనాల్నా? అవ్వ బిచ్చానికి వచ్చిందా మనింటికి? తప్పు వరుసల పెడితే ముట్టది." ఆ తర్వాత కత్తెర తీసుకుని అటు తిరిగి కూర్చుంది.

సరే, తెప్పించాను. ఇంగ్లండు పెద్దమనిషి ఈమెయిల్లో ఒక్క వీలునామా అడిగితే మూడు తరాలవి పంపాడు. స్టేషన్ రోడ్డు నెట్ సెంటరులో వాటిని ప్రింటు తీయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. పేజీ సగం బయటికి రాగానే కరెంటు పోయేది. ఆ వంశంలో వీలునామా రాయకుండా ఎవరూ చావలేదనుకుంటాను. దొర తాత సిపాయి, తన బూట్లు ఫలానా స్నేహితుడికి, పొగాకు గొట్టం ఇంకో స్నేహితుడికి అని రాసి చచ్చాడు. దొర తండ్రి సికింద్రాబాదు కంటోన్మెంటులో వ్యాపారి, ఏ కూతురికి ఏ చెంచాలో రాశాడు. చెంచాలకు కూడా వారసులు ఉన్నారు! వీటితో పాటు, దొర పోయాక ఎవరో అధికారి బంగళాకు వచ్చి గదిగదికీ రాసిన సామాన్ల జాబితా ఒకటి. నేను రెండు పేజీలు తిరగేసి, కుర్చీలూ పళ్లేలూ తప్ప ఏమీ లేవని పక్కన పెట్టేశాను. పెద్దమనిషి మాత్రం అందులో ఏవో దేశీ వెండి వస్తువులు ఉన్నాయని, దొరకు ఇక్కడి చేతిపనులు సేకరించే అలవాటు ఉన్నట్టుందని, నా అభిప్రాయం ఏమిటని అడిగాడు. జాబితా చూడకుండానే, అవును, మా వైపు వెండి పని బాగుంటుంది అని జవాబు రాసి పడేశాను.

దొర వీలునామా నాలుగు పేజీలు. తుపాకి ఒకరికి. గుర్రపు జీను ఒకరికి. గోడ గడియారం ఒకరికి. వంటవాడికి పాత బట్టలు. కుక్కను ఎవరు సాకాలి, దానికి ఏం పెట్టాలి అని ఒక పేరా. మిగిలినదంతా ఇంగ్లండులో అక్క పిల్లలకు. భార్య అన్న మాట లేదు. కూతురు అన్న మాట లేదు. ఆడమనిషి ఊసే లేదు. మూడుసార్లు చదివాను, ఏమన్నా దాటేశానేమోనని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎనభై ఏళ్లుగా మట్టిలో ఉన్న మనిషి మీద కోపం తెచ్చుకుని ఏం చేస్తాం? అయినా వచ్చింది.

అత్తగారికి ఆ మాట మెల్లగా చెప్పాలనుకున్నాను. "అవ్వ పేరు లేదు అత్తమ్మా" అన్నాను.

"ఇంకెవలి పేర్లున్నయి?"

మామూలుగా బుర్ర ఉన్నవాళ్లెవరైనా అక్కడ ఆగిపోతారు. నేను జీను, గడియారం, వంటవాడు అని వరసగా చెప్పుకుంటూ పోయి కుక్కను కూడా చెప్పేశాను. ఆమె బీడీకి దారం చుట్టి, "మంచి కుక్క గావచ్చు" అంది. నాకు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

ఆమె అంతటితో వదల్లేదు. బంగళా వెనక తన తల్లికి మిరప తోట వేసుకునే చిన్న చెలక ఉండేదని, భూమి లెక్కలు రాసే పట్వారి వచ్చి ఆమె వేలిముద్ర తీసుకున్నాడని మేనమామ భార్య ఒకసారి నోరు జారిందట. "భూమి ఉంటే కాయిదం ఉంటది. కాయిదం ఉంటే ఆమె ఎవలో రాసి ఉంటది" అంది. అక్కడ మొదలయ్యాయి నా శనివారాలు. కామారెడ్డిలో బస్సెక్కడం, ఎల్లారెడ్డిలో దిగడం, ఆఫీసు ముందు నిలబడటం. ఏ ఆఫీసో చెప్పను. చెప్పినా పెద్ద తేడా లేదు. ఒకవారం, నిజాం కాలపు దస్త్రాలు అసలు లేవన్నారు. ఇంకోవారం, ఉన్నాయి కానీ గది తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. ఆయన వచ్చాక, దరఖాస్తు ఇంగ్లీషులో కాదు తెలుగులో రాయమన్నారు. తెలుగులో రాసుకుపోతే, సర్వే నంబరు లేదు కదా అన్నారు. సర్వే నంబరు కోసమే కదయ్యా దస్త్రం చూడాలంటున్నాను అంటే, "నంబరు తెలువకుండ దస్త్రం ఎట్ల తీస్తమమ్మా?" అని ఆయన నన్నే జాలిగా చూశాడు.

తర్వాతి ఏడు వానాకాలం చివర, ఆ గుమస్తా మనసు కరిగి "వచ్చేవారం రాండ్రి, ఎట్లన్న తీస్త" అన్నాడు. ఆ వచ్చేవారమే తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. ఆఫీసులు బంద్, బడులు బంద్, బస్సులు బంద్. నెలకు పైగా అంతే. నేనూ ఉద్యోగినే, నేనూ సమ్మెలోనే ఉన్నాను. పొద్దున కామారెడ్డిలో టెంటు కింద కూర్చుని సమ్మె గెలవాలని గొంతు పోయేట్టు అరిచేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి, ఆ గుమస్తా ఒక్కడు సమ్మెలో లేకపోతే ఏం పోయిందని తిట్టుకునేదాన్ని. ఆ ఏటి పెత్రమాస అట్లాగే వెళ్లిపోయింది.

సమ్మె ముగిశాక, చలికాలంలో, దస్త్రం బయటికి వచ్చింది. బట్టలో కట్టిన మూట. విప్పితే అంతా ఉర్దూ. ఆఫీసులో ఎవరికీ చదవడం రాదు. చదవగలిగినాయన ఎల్లారెడ్డిలో ఒక్కడే మిగిలాడన్నారు. చిన్నప్పుడు ఉర్దూలోనే చదువుకుని, పట్వారి దగ్గర రాతపని చేసిన ముసలాయన. వెళ్లి బతిమాలితే వచ్చాడు. వచ్చినాక చాయ్ కావాలన్నాడు. చాయ్ తాగాక కళ్లజోడు ఇంట్లో మరిచిపోయానన్నాడు. కళ్లజోడు తెచ్చాక, దస్త్రంలో మాకు కావాల్సింది వెతకకుండా ఆ చేతిరాతను మెచ్చుకుంటూ కూర్చున్నాడు. "ఏమి రాత బిడ్డా! ముత్యాలోలె ఉన్నయి. ఇప్పుడెవలు రాస్తరు గిట్ల?" ఆయన ఒక్కో పేజీ మెచ్చుకుంటూ పోతుంటే నేను పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

సాయంత్రం ఆఫీసు మూసే వేళకు దొరికింది. బంగళా వెనక చెలక. మా అత్తగారి తల్లి పేరు. దాని పక్కన ఉర్దూలో ఒక మాట, ఆ తర్వాత దొర పేరు. ముసలాయన ఆ మాట మీద వేలు పెట్టి చదివాడు. "జౌజె. అంటె భార్య. ఫలానా దొర భార్య."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నన్ను కూర్చోమన్నాడు.

"సంబురపడకు బిడ్డా. నేను ఆ పని చేసిన, నాకెర్క. ఆడమనిషి పేరు ఒక్కటే రాసే అలవాటు మాకు లేకుండె. ఎవలదో ఒకల భార్య అని రాయాలె, లేకుంటె ముండమోసిందని రాయాలె, లేకుంటె బిడ్డ అని రాయాలె. ఎవలింట్ల ఉంటె వాని భార్య అని రాసి పడేస్తుంటిమి. పెండ్లయిందా లేదా అని పట్వారి అడుగుతడా?"

ఇంత నిజాయితీ ఆయనకు ఆ రోజే ఎందుకు పుట్టుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. దండం పెట్టి వచ్చేశాను. అత్తగారికి మొదటి సగమే చెప్పాను. దస్త్రంలో భార్య అని ఉంది అన్నాను, అంతే. మర్నాడు పొద్దున మోకాళ్ల నొప్పులతోనే బజారుకు నడిచిపోయి ఆకుపచ్చ గాజులు కొనుక్కొచ్చింది. పెత్రమాసకు ఇంకా ఎనిమిది నెలలుంది.

ముందు ఎవరు పోయారన్నది ఇంకా తేలలేదు. దానికోసమే ఇంగ్లండు పెద్దమనిషికి అసలు సంగతంతా రాశాను. మా అత్తగారు ఎవరో, ఆమెకు ఏం కావాలో, ఆస్తి ఊసే లేదని కూడా స్పష్టంగా రాశాను. గుర్రపుశాల గురించి వారానికొక ఈమెయిలు రాసే మనిషి రెండు నెలలు మాట్లాడలేదు. తర్వాత జవాబు వచ్చింది. చాలా ఆసక్తికరంగా ఉందట. అయితే ఆధారాలు లేని విషయాలు తమ కుటుంబ చరిత్రలో చేర్చలేడట. ఆ ఎస్టేటు ఎప్పుడో పంచేశారు కనుక ఎవరికీ ఏ హక్కూ మిగిలి లేదని గమనించాలట. కింద మళ్లీ ఒక ముక్క, గుర్రపుశాల ఫోటో ఇంకా అందలేదని.

ఆ ప్రింటు పట్టుకుని ఎల్లారెడ్డి పోయాను. చదివి వినిపిస్తుంటే నా ఒళ్లంతా మండిపోతోంది. అత్తగారు ప్రశాంతంగా, "పోనీ. మనకు దస్త్రంల భార్య అని ఉన్నది గద" అంది. అప్పుడు నోరు జారాను. "ఆ దస్త్రం గూడ అంతే అత్తమ్మా! పట్వారి ఎవలకైనా అట్లనే రాస్తుండెనట!" ఇంగ్లండు మీది కోపం ఎల్లారెడ్డిలో, అదీ ఈమె మీద తీర్చుకున్నాను. ఆమె లేచి లోపలికి పోయి, ఆ గాజులను పెట్టెలో పెట్టి మూత వేసింది. ఆ ఏడు పెత్రమాసకు మా ఆయన అందరి పేర్లూ చెప్పి నీళ్లు వదులుతుంటే, ఆమె వంటింట్లోంచి బయటికి రాలేదు.

రెండువేల పదమూడు వేసవి సెలవుల్లో నేను ఎల్లారెడ్డిలో ఉండగా ఆమె గడప తట్టుకుని పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కుడిచేయి. బీడీలు చుట్టడానికి లేదు. చేతికి పని లేకపోతే ఆమెకు పొద్దు గడవదు. పదేపదే లేచి కట్టు విప్పబోతుంటే కాపలా కాయలేక నేను విసిగిపోయాను. ఒక మధ్యాహ్నం ఆమే అడిగింది.

"ఆ బంగళాల ఏమేం ఉండెనో రాసిన కాయిదం ఉన్నదంటివి గద. అది చదువు. నేను పుట్టిన ఇల్లు ఎట్లుండెనో ఇంట."

బీరువా అడుగు నుంచి ఆ జాబితా తీశాను. వసారాతో మొదలుపెట్టి గది తర్వాత గది తెలుగులో చెప్పుకుంటూ పోయాను. వసారాలో బెత్తపు కుర్చీలు నాలుగు. భోజనాల గదిలో బల్ల, గాజు దీపాలు, గోడ గడియారం. గడియారం అనగానే, "గంటలు కొడ్తుండె గావచ్చు" అంది కళ్లు మూసుకుని. గుర్తొచ్చిందో, గుర్తు రావాలనుకుందో నాకు తెలియదు. పడకగదిలో మంచం, దోమతెర, రాతబల్ల. రాతబల్ల సొరుగులో కళ్లజోడు, అక్క రాసిన ఉత్తరాల కట్ట, దేశీ వెండి కడియాలు ఒక జత, కాళ్లవి. వంటింట్లో రాగి...

"ఆగు. ఎనుకకు పో. మళ్ల చదువు."

మళ్లీ చదివాను. చేతిపనులట! సేకరణట! ఇంగ్లండు పెద్దమనిషి అన్నాడు సరే, ఆయనకు తెలియదు. ఈ ఊళ్లో కాపురం చేస్తున్నదాన్ని, మా వైపు వెండి పని బాగుంటుందని జవాబు రాసినదాన్ని, నన్నేమనాలి?

అత్తగారు లేచి కూర్చుంది. "కాళ్ల కడియాలు ఊకె ఊడుతయా బిడ్డా? వెండిపని చేసే అవుసులాయన వచ్చి వంచి తొడిగితే, చచ్చినంకనే తీసుడు. అవ్వ ఆ ఇంట్లనే పోయింది. ఆయన బతికి ఉన్నడు. తీసి సొరుగుల పెట్టుకున్నడు."

అంతవరకు నాకూ అర్థమైంది. ఆయన పోయాక రాసిన జాబితాలో ఆమె కడియాలు ఆయన సొరుగులో ఉన్నాయంటే, ఆమే ముందు పోయిందని. కానీ ఆ తర్వాత ఆమె అన్నది, ఇంకో వంద వీలునామాలు చదివినా నాకు తట్టేది కాదు.

"అవ్వ పోయినంక పిల్లను సాకనీకి ఆడదిక్కు లేదని మా మామ వచ్చి నన్ను తీస్కపోయిండు గద. మరి కడియాలు ఎందుకు తీస్కపోలె?"

"దొర ఇయ్యలేదేమో."

"ఇయ్యకుంటె కొట్లాడి తీస్కపోతుండె. మా మామ గట్టోడు. ఇంట్ల గింజలు లేని కాలం అది. ఉంచుకున్నోని ఇంట్ల చెల్లె చచ్చిపోతె అన్నదమ్ములు సొమ్ము ఒక్క పోగు గూడ ఇడువరు బిడ్డా, మా పిల్ల సొమ్ము మాది అని తీస్కపోతరు. మొగని ఇంట్ల పోతెనే, అది ఆ ఇంటి సొమ్ము, మనం ముట్టొద్దు అని ఇడిశిపెట్టి వస్తరు." ఆమె ఎడమచేత్తో జాబితాను తన వైపు లాక్కుంది. "మా మామ ఇడిశిపెట్టిండు. ఒక్కనాడు నోరు తెరువలె నా తోటి. గని ఇడిశిపెట్టిండు."

ఇంజనీరు రాయలేదు. పట్వారి అలవాటుగా రాశాడు. చదువురాని ఒక కూలి మనిషి, పస్తులున్న ఇంటికి, వెండి వదిలేసి పిల్లను మాత్రం బండి ఎక్కించుకుని వచ్చాడు. నేను శనివారం శనివారం తిరిగిన ఆఫీసులన్నీ గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వస్తే నాకు కోపం కూడా వస్తుంది. "అంత దాసిపెట్టుకున్నోడు వీలునామాల ఒక్క ముక్క రాస్తె ఏం పోయింది?" అన్నాను.

"సచ్చిపోయినామెకు ఏం రాస్తడు?"

"మీరు బతికే ఉన్నరు గద అత్తమ్మా!"

ఆమె కట్టు మీది దారపు పోగును లాగుతూ కూర్చుంది. "నేను మామ ఇంట్ల ఉంటి" అంది చివరికి.

ఇంగ్లండు పెద్దమనిషికి ఒక ఈమెయిలు రాశాను. చేతిపనుల గురించి నేను రాసింది తప్పని, ఆ కడియాలు మా అత్తగారి తల్లివని, వాటికి ఆధారం మీ దగ్గరున్న జాబితాలోనే ఉందని. జవాబు రాలేదు. గుర్రపుశాల ఫోటో కూడా మళ్లీ అడగలేదు.

ఆ ఏటి పెత్రమాసకు పంతులు పొద్దున్నే వచ్చాడు. మా ఆయన పంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. మగవాళ్ల వరుస అయింది. ముత్తైదువల వరుసలో కొత్తగా ఒక చాట చేరింది. పసుపు, కుంకుమ, గాజులు, రవికె గుడ్డ అన్నీ అత్తగారే ఎడమచేత్తో సర్దింది. ఆ చాట దగ్గరికి వచ్చేసరికి పంతులు, "ఈమె ఎవరు? భర్త పేరు చెప్పండి" అన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. ఆ ఇంగ్లీషు పేరు ఆయన నోరు తిరగదు. నేను చెప్పబోయాను. నాకూ నోరు తిరగలేదు, ఇన్నేళ్లు తిట్టుకున్న పేరు మరి.

అత్తగారు కొడుకు చేతిలోంచి చెంబు తీసుకుని అక్కడే చతికిలబడింది. "కొడుకు చేత్తోనే వదలాలమ్మా, మీరు కాదు" అని పంతులు అంటున్నాడు. ఆమె అప్పటికే నీళ్లు వంచుతోంది.

"మా అవ్వకు" అంది.

పంతులు చాటను ఆమె ముందుకు జరిపాడు.

"మా అవ్వకు" అంది మళ్లీ.

అత్తగారిని పెంచింది మేనమామ భార్య, ఆ మనిషిని ఈమె అత్త అని పిలిచింది. ఇక్కడికి వచ్చాక తన అత్తగారిని అత్తమ్మ అంది. ఎదురుగా నిలబడి అవ్వా అని పిలవడానికి ఈమెకు బుద్ధెరిగాక ఎవరూ లేరని, పాతికేళ్లు ఆమె వండింది తింటూ నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

మూడోసారి ఆమె 'మా అవ్వకు' అనలేదు. "అవ్వా" అంది.

"చాలమ్మా, మూడుసార్లే" అన్నాడు పంతులు. ఆమె వినలేదు. చెంబులో నీళ్లు అయిపోయేదాకా పిలుస్తూనే ఉంది.